పోల్ పైపుకు ఏ ఫిట్టింగులు నిలుస్తాయి: ఇత్తడా, స్టీలా, ప్లాస్టిక్కా?

తమ్మీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నల్గొండలో వాటర్ పోల్‌తో, అంటే పైన బ్రష్ ఉండి పంపుతో నీళ్లు ఎక్కే పొడవాటి కర్రతో, బిల్డింగుల అద్దాలు కడిగే పని మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. ఇప్పటికే పదకొండు ప్లాస్టిక్ క్లిక్ కనెక్టర్లు మార్చావు. మొన్న ఒక బట్టల షోరూం ముందు జాయింటు ఊడి నీళ్లు లోపలికి పోయాయి, ఓనర్ ముందు తలవంచుకోవాల్సి వచ్చింది. ఇక ప్లాస్టిక్ వద్దు, ఇత్తడి కొనాలా స్టీలు కొనాలా అన్నా అని అడిగావు. నేను పాలమూరులో ఈ పని పదేళ్లుగా చేస్తున్నా. అంతకుముందు బత్తాయి తోటల్లో డ్రిప్పు పైపులు బిగించేవాణ్ని. నాకు తెలిసింది మొత్తం చెప్తా, ఓపికగా చదువు.

ఇత్తడా స్టీలా అన్నది తర్వాత సంగతి. ముందు ఆ జాయింటు రోజూ ఏం పని చేస్తుందో చూడు. ట్యాంకు దగ్గర నుంచి బ్రష్ దాకా నీ సామానులో ఎన్ని జాయింట్లు ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకో. పంపుకు నీళ్లు వచ్చే వైపు, పోయే వైపు, ఫిల్టర్లకు అటూ ఇటూ, పైపు చుట్టే రీలు మధ్యలో, రీలు నుంచి వచ్చిన పైపు చివర, పోల్ కింద, పైన బ్రష్ దగ్గర. నా బండిలో మొదట పదిహేడు ఉండేవి, ఇప్పుడు తొమ్మిది. తీసేసిన ఎనిమిదీ ఏ పనీ చేసేవి కావు. అతుకు మీద అతుకు, సైజు మార్చడానికి ఒకటి, దాని మీద ఇంకొకటి. లేని జాయింటు కారదు కదా, నాకు అన్నిటికంటే ఎక్కువ కలిసొచ్చింది అదే.

మిగిలినవాటిలో కొన్నిటిని ఏడాదికోసారి కూడా విప్పవు. వాటికి ఖరీదైన కప్లర్, అంటే చేత్తో తగిలించి తీసే జాయింటు, అక్కర్లేదు. పంపుకూ ఫిల్టర్లకూ మధ్య ఆర్‌వో మిషన్లలో వాడే, ట్యూబు నొక్కితే పట్టుకునే తెల్లటి పుష్ ఫిట్టింగులు చాలు. అవి నల్గొండలో ఏ ఆర్‌వో రిపేరు దుకాణంలోనైనా దొరుకుతాయి. అయితే వాటిలోకి గట్టి ట్యూబే పోవాలి, మెత్తటి పైపు కాదు. ట్యూబును బ్లేడుతో నిటారుగా కోయాలి, ఐమూల కోస్తే లోపలి రబ్బరు రింగు మీద సరిగా కూర్చోదు. ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. ఆర్‌వో ట్యూబు పావు ఇంచు, అంటే 6.35 మి.మీ. గాలి మిషన్ల ట్యూబు 6 మి.మీ. చూడ్డానికి రెండూ ఒకటే. 6 మి.మీ. ట్యూబును పావు ఇంచు ఫిట్టింగులో దూరిస్తే ఆ రోజుకు పట్టుకుంటుంది, వారం తిరక్కుండానే జారుతుంది.

నీకు కష్టం వస్తున్నది రోజూ విప్పి బిగించే జాయింటు దగ్గర, నేల మీద ఈడ్చుకుపోయే జాయింటు దగ్గర. మన పనిలో ఆ రెండూ ఒక్కటే: రీలు పైపు చివరా, పోల్ కిందా కలిసే చోటు. తోట పైపు క్లిక్ కనెక్టర్ అక్కడ ఎందుకు ఓడిపోతుందో చెప్తా. దాన్ని చేసింది ఇంటి ముందు నల్లాకు తగిలించి మొక్కలకు నీళ్లు పట్టడానికి. అర ఇంచు లావు పైపు, చదరపు సెంటీమీటరుకు రెండు మూడు కేజీల ప్రెషర్, రోజుకు పది నిమిషాల పని. అది ఊడాలంటే బయటి కాలర్ వెనక్కి లాగాలి. నువ్వు పైపు ఈడ్చినప్పుడు ఫుట్‌పాత్ అంచుకో, మెట్టు మూలకో ఆ కాలర్ తగులుకుంటే ఎవరూ ముట్టుకోకుండానే వెనక్కి జరుగుతుంది. షోరూం ముందు జరిగింది బహుశా ఇదే. విరిగిన ముక్క నీ చేతికి దొరకలేదని రాశావు. విరగలేదు కాబట్టే దొరకలేదు, జాయింటు దానంతట అది విడిపోయింది.

మన పంపు సంగతి కూడా తెలుసుకో. 12 వోల్టుల డయాఫ్రం పంపు చాలావరకు 100 పీఎస్‌ఐ దగ్గర ఆగుతుంది. అంటే దాదాపు ఏడు కేజీలు. పోల్ దగ్గర నల్లా మూసిన ప్రతిసారీ పైపంతా ఆ ఏడు కేజీలకు ఉబ్బుతుంది. రోజుకు వందసార్లు మూస్తావు, వందసార్లు తెరుస్తావు. ఫిట్టింగును అలసగొట్టేది ఈ కొట్టుడే. అందుకని ఏ ఫిట్టింగు కొన్నా కనీసం పదిహేను కేజీలకు పనికొస్తుందా అని అడుగు.

ఇక్కడ పైపు లావు గురించి చెప్పకపోతే నా సమాధానం సగమే అవుతుంది. నీది లోపల 6 మి.మీ. ఉన్న పైపు, 100 మీటర్లు. నిమిషానికి రెండు లీటర్లు పోవాలంటే ఆ పైపులోనే నాలుగు కేజీల దాకా ప్రెషర్ ఖర్చవుతుంది. పోల్ 12 మీటర్లు ఎత్తితే ఇంకో 1.2 కేజీలు, పోల్ లోపలి సన్న పైపులో కేజీ పైనే. మొత్తం ఆరున్నర. అంటే నీళ్లు మామూలుగా పోతున్నప్పుడు కూడా నీ రీలు దగ్గరి జాయింటు రోజంతా ఆరున్నర కేజీల కింద ఉంటుంది, పంపు దమ్మంతా దానికే పోతుంది. అదే 8 మి.మీ. పైపైతే ఆ 100 మీటర్లలో పోయేది ఒక్క కేజీ. మొత్తం మూడున్నరకు దిగుతుంది. పైపు కాస్త బరువే, రీలు నిండుతుంది, నిజమే. అయినా ఫిట్టింగుల ఆయుష్షు పెరగాలంటే పైపు కూడా మార్చాల్సిందే.

ఇప్పుడు ఏం కొనాలో చూద్దాం. బయటి దేశాల్లో ఈ పని చేసేవాళ్లు ఎక్కువగా వాడేది రెక్టస్ 21 రకం కప్లర్. చిన్నగా, నున్నగా ఉంటుంది. లోపల దారి 5 మి.మీ., మన నీళ్లకు సరిపోతుంది. లోపల చిన్న గుండ్లు పడి లాక్ అవుతుంది కాబట్టి ప్లాస్టిక్ గోళ్ల లాగా అరిగిపోదు. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తిరిగితే గాలి సామాను దుకాణాల్లో అదే పద్ధతివి చూపిస్తారు. కానీ అక్కడ ఒక జాగ్రత్త. కంప్రెసర్ గాలికి వాడే మామూలు కప్లర్లు ఇనుముతో చేసి పైన మెరుపు పూత వేసినవి. మా దగ్గర పనిచేసే పిల్లగాడు ఒకసారి తక్కువకు వచ్చాయని అవే తెచ్చాడు. ఇరవై రోజులకు బ్రష్ జెట్లలో, అంటే నీళ్లు చిమ్మే సన్న రంధ్రాల్లో, ఒకటి ఆగిపోయింది. సూదితో పొడిస్తే ఎర్రటి పొడి రాలింది. కప్లర్ విప్పి చూస్తే పైన అద్దంలా మెరుస్తోంది, లోపల తుప్పు పొరలు పొరలుగా లేస్తోంది. దుకాణానికి పోయేటప్పుడు ఒక అయస్కాంతం జేబులో వేసుకో. గట్టిగా లాక్కుంటే తీసుకోవద్దు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలును కూడా అయస్కాంతం కొద్దిగా లాగొచ్చు, అది వేరు. ఇనుము పట్టుకునే పట్టు చేతికే తెలుస్తుంది.

ఇత్తడి గురించి. మనం వాడేది లవణాలన్నీ తీసేసిన నీళ్లు. అట్లాంటి నీళ్లు ఆకలి మీద ఉంటాయి, తగిలిన లోహంలో నుంచి కొంచెం కొంచెం లాక్కుంటాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి పులుపుకు కూడా తిరుగుతాయి. ఇత్తడిలో ఉన్న జింకును మెల్లగా తినేస్తాయి. పారుతున్న నీళ్లతో పెద్దగా నష్టం లేదు. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లతోనే నష్టం. అందుకే సాయంత్రం పని అయ్యాక నల్లా తెరిచి పైపులో ప్రెషర్ వదిలేసి, కప్లర్ విప్పి నీళ్లు వంచేస్తా. ఇట్లా చేస్తే మంచి ఇత్తడి ఏళ్ల తరబడి నిలుస్తుంది. చేయలేనంటే స్టెయిన్‌లెస్ స్టీలు 304 కానీ 316 కానీ తీసుకో. జీఐ ఫిట్టింగు, అంటే జింకు పూత వేసిన ఇనుముది, మాత్రం శుద్ధి నీళ్ల వైపు ఎక్కడా వద్దు, ఒక్కటి కూడా.

నా ఓటు ఎటో సూటిగా చెప్తా. రోజూ విప్పే ఆ ఒక్క జాయింటుకు స్టీలు, మిగతా చోట్ల మంచి ఇత్తడి, పంపూ ఫిల్టర్లూ ఉండే బాక్సు లోపల ప్లాస్టిక్ పుష్ ఫిట్టింగులు. అన్నీ స్టీలే పెడితే డబ్బు వృథా, అన్నీ ప్లాస్టిక్ పెడితే పని వృథా.

ఇత్తడి పేరుతో అమ్మేదంతా ఇత్తడి కాదు. జింకుతో పోతపోసి పైన పసుపు పూత వేసినవి మార్కెట్ నిండా ఉన్నాయి. వీటిని అయస్కాంతం పట్టివ్వదు, జింకును అది లాగదు. కనిపించని చోట చిన్న ఆకురాయితో ఒక్క గీత గీయి. లోపల కూడా పసుపే ఉంటే ఇత్తడి. బూడిద రంగు తేలితే అక్కడే పెట్టేసి రా. గీయనివ్వని దుకాణంలో నేను కొనను. నికెల్ పూత వేసిన ఇత్తడి బాగానే ఉంటుంది కానీ, రోజూ తగిలించి తీసే చోట ఆ పూత ముందు అరుగుతుంది.

కప్లర్‌లో వాల్వు ఉన్నవీ లేనివీ వస్తాయి. రీలు పైపు చివర పెట్టే ఆడ ముక్కకు వాల్వు ఉండాలి, విప్పగానే నీళ్లు ఆగిపోవాలి. పోల్ వైపు మగ ముక్కకు వాల్వు వద్దు. రెండు వైపులా ఉంటే ప్రెషర్ మధ్యలో ఇరుక్కుని మళ్లీ తగిలించేటప్పుడు ఎంత నొక్కినా దూరదు. పాన పెట్టి కొడతారు, పాడైపోతుంది. తగిలించేముందు పోల్ దగ్గర నల్లా తెరిచి ఉంచు. ఎర్ర మట్టి అంటిన కప్లర్‌ను కడగకుండా తగిలించకు, ఆ గుండ్ల మధ్య ఇసుక పడితే నెల రోజుల అరుగుదల ఒక్క రోజులో అవుతుంది.

ఈ కప్లర్ కాలర్ కూడా మూలకు తగిలితే వెనక్కి జరగగలదు. దానికి నేను చేసే పని: లోపల ఇంచు వెడల్పున్న పాత మెత్తటి పైపు ముక్క జానెడు కోసి, కప్లర్ మీద తొడుగులా జరిపి పెడతా. ఏ అంచుకు తగిలినా తొడుగే తగులుతుంది. షోరూముల ముందు గ్రానైట్ మెట్లు గీరుకుపోకుండా కూడా ఉంటుంది.

ఇప్పుడు అసలైన చోటుకొస్తున్నా. కప్లర్ ఎంత మంచిదైనా దాని వెనక పైపు దూరే పళ్ల ముక్క, హోస్ నిపుల్ అంటారే, అక్కడే తొంభై శాతం జాయింట్లు నాశనమవుతాయి. ఇది నా అనుభవం. నిపుల్ సైజు పైపు లోపలి సైజుకు సరిగ్గా సరిపోవాలి. 8 మి.మీ. పైపుకు 6 మి.మీ. నిపుల్ పెట్టి క్లాంపు బిగిస్తే ఆగుతుందనుకోవద్దు.

నేను జాయింటు వేసే తీరు చెప్తా. ఫ్లాస్కులో వేడి నీళ్లు తెచ్చుకుంటా. పైపు చివరను కొత్త బ్లేడుతో ఒక్క కోతలో నిటారుగా కోస్తా. క్లాంపును ముందే పైపు మీద ఎక్కిస్తా, తర్వాత ఎక్కదు కాబట్టి. చివరి రెండు ఇంచులు వేడి నీళ్లలో ముంచి అరవై లెక్కపెడతా. పైపు మెత్తబడి చేతికి జావలాగా తగులుతుంది. అప్పుడు నిపుల్‌ను తిప్పకుండా, తిన్నగా, భుజం తగిలేదాకా తోస్తా. నూనె, గ్రీజు ఏమీ పెట్టను. నూనెతో సులువుగా ఎక్కింది సులువుగానే దిగుతుంది. పళ్లు పైపు మీద గీతలుగా పైకి తేలి కనిపిస్తాయి. క్లాంపును ఆ పళ్ల మధ్యలోకి జరిపి నొక్కుతా. పూర్తిగా చల్లారాక రెండు చేతులతో గట్టిగా గుంజి చూస్తా. ఒక్క మిల్లీమీటరు జరిగినా కోసేసి మళ్లీ వేస్తా.

క్లాంపు అంటే స్క్రూ తిప్పి బిగించేది వద్దు. లావు పైపులకు అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. సన్న పైపుకు గుండ్రంగా రాదు, స్క్రూ డబ్బీ పక్కన చిన్న సందు మిగులుతుంది, అక్కడి నుంచే చిమ్ముతుంది. పైగా ఆ డబ్బీ ప్రతి మూలకూ తగులుకుంటుంది, చేతులు కోస్తుంది. చెవి ఉన్న స్టీలు క్లాంపు తీసుకో, పట్టకారుతో చెవిని నొక్కితే చుట్టూ సమానంగా పట్టేస్తుంది. దానికి వేరే పట్టకారు వస్తుంది, ఒకసారి కొంటే జీవితాంతం ఉంటుంది. క్లాంపు మాత్రం ఒక్కసారికే. మళ్లీ విప్పితే కొత్తది వేయాలి.

మన ఎండల గురించి బయటి దేశాలవాళ్లు రాసినదాంట్లో ఉండదు. మూడేళ్ల కింద మే నెలలో మిర్యాలగూడలో ఒక ఆస్పత్రి పని పట్టుకున్నా. పొద్దున ఆరుకు మొదలుపెట్టి పదకొండు దాకా లాగాం. పైపు స్లాబు మీదుగా వేసి ఉంది, చెప్పుల్లేకుండా కాలు మోపలేని వేడి. చాయ్ తాగుదామని నల్లా మూసి కిందికి దిగాం. ఐదు నిమిషాలు కూడా కాలేదు, పైన ఫట్‌మని చప్పుడైంది. పరుగెత్తి చూస్తే క్లాంపు బిగించినట్టే నిపుల్ మీద ఉంది, పైపు మాత్రం దానిలోంచి జారి అవతల పడి ఉంది. పారే నీళ్లు పైపును చల్లగా ఉంచుతాయి. ఆగిన నీళ్లు ఎండకు వేడెక్కుతాయి, పీవీసీ మెత్తబడుతుంది, పైగా ఏడు కేజీలు లోపల నుంచి తోస్తున్నాయి. పైపు మీద రాసే ప్రెషర్ అంకె మామూలు వేడికి రాసింది, ఆ స్లాబు వేడికి కాదు. అప్పటి నుంచి ఎండాకాలంలో రెండు నిమిషాలకు మించి ఆగాలంటే పంపు ఆపి, నల్లా తెరిచి ప్రెషర్ వదిలాకే కదులుతాం. పైపును వీలైనంత నీడలో వేస్తాం. ప్లాస్టిక్ ఫిట్టింగు పెట్టక తప్పని చోట నల్లటిదే కొను. తెల్లవీ రంగువీ మన ఎండకు తొందరగా పెళుసెక్కుతాయి.

త్రెడ్డుల సంగతి. మన దేశంలో ఫిట్టింగులన్నీ దాదాపు బ్రిటిష్ పద్ధతి బీఎస్‌పీ. దిగుమతి పంపుల్లో కొన్నిటికి అమెరికా పద్ధతి ఎన్‌పీటీ ఉంటుంది. మూడు సూతుల (3/8 ఇంచు) సైజులో బీఎస్‌పీకి ఇంచుకు 19 చుట్లు, ఎన్‌పీటీకి 18. రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది, ఎక్కిందనుకుంటావు. అర ఇంచులో రెండిటికీ 14 చుట్లే, ఇంకా బాగా మోసం చేస్తుంది. చుట్ల కోణం వేరు కాబట్టి కారుడు ఆగదు, టేపు ఎంత చుట్టినా ఆగదు. పంపు కాగితం చూసి అడిగి కొను. ప్లాస్టిక్ ఆడ త్రెడ్డులోకి ఇత్తడి మగది బిగిస్తే ఏదో ఒక రోజు చీలుతుంది, లోహంలోకి ప్లాస్టిక్ బిగిస్తే ఆ బాధ లేదు. టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు త్రెడ్డులో కొస దగ్గరి మొదటి చుట్టు ఖాళీగా వదులు. లేకపోతే టేపు పీలికలు పోయి జెట్లలో ఇరుక్కుంటాయి.

పంపుకు నీళ్లు వచ్చే వైపు జాయింటు కారదు, గాలి పీలుస్తుంది. బయటికి చుక్క కనిపించదు. పంపు మోత మారి, బ్రష్ దగ్గర నీళ్లు దగ్గినట్టు వస్తే ముందు అక్కడ చూడు. చాలామంది పంపే పోయిందనుకుని కొత్తది కొంటారు.

లోపలి ఓ-రింగులు ఈపీడీఎం రబ్బరువైతే నీళ్లకు మంచివి. వాటికి వాజిలిన్, బండి గ్రీజు రాయొద్దు, ఉబ్బిపోతాయి. సిలికాన్ గ్రీజు వేలి కొసకు తీసుకుని రాయి, చాలు. ఒక పది రింగులు డబ్బీలో ఎప్పుడూ ఉంచుకో.

చిన్న లీకే కదా అని వదిలేయకు. నిమిషానికి 200 మి.లీ. చిమ్మే జాయింటు ఆరు గంటల్లో 72 లీటర్లు తాగుతుంది. నల్గొండ బోరు నీళ్లను అద్దానికి పనికొచ్చేట్టు చేయడం ఎంత ఖర్చో నీకు తెలుసు. తాగే నీళ్లకే టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, 500 లోపు మంచిదంటారు, మన అద్దానికి పది లోపు కావాలి. నీకు వీలైతే బోరు బదులు మిషన్ భగీరథ నల్లా నీళ్లతో మొదలుపెట్టు, ముందు టీడీఎస్ మీటరు పెట్టి చూసుకో. ఫిల్టరులో లవణాలను పట్టే రెజిన్ ఎక్కువ రోజులు వస్తుంది.

నువ్వు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. మన ఊళ్లలో 11 కేవీ లైన్లు బిల్డింగుల పక్కనుంచే పోతాయి. కార్బన్ పోల్ కరెంటును పట్టుకుంటుంది, తడి పైపు కూడా అంతే. లైన్ దగ్గరి గోడను నేను ఎంత డబ్బిచ్చినా ఒప్పుకోను. నువ్వూ ఒప్పుకోకు.

ఈ వారం ఒక స్టీలు కప్లర్ జత, పది చెవి క్లాంపులు, పట్టకారు కొను. పోల్ కింద జాయింటు మార్చు. 8 మి.మీ. పైపు వచ్చే నెల చూసుకోవచ్చు. మిగిలిన క్లిక్ కనెక్టర్లు పారేయకు, ట్యాంకు నింపుకునే పైపుకు పెట్టుకో. అక్కడ ప్రెషర్ తక్కువ, ఊడినా బండి పక్క మట్టే తడుస్తుంది.